పసుపు రాయి వదిలి నారింజ రాయి పట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

అరకు వెళ్లే ఘాట్ రోడ్డు వెంట సైకిళ్లకు ప్రత్యేకంగా ట్రాక్ వేయాలని ఈమధ్య పాఠకుల ఉత్తరాల్లో ఒకాయన కోరారు. సైకిలు మీద ఇష్టంతోనే రాశారు, అందులో అనుమానం లేదు. నేను గజపతినగరంలో సైకిళ్లు బాగుచేసే షాపు పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. నా లెక్కలో ఆ ట్రాక్ అక్కర్లేదు. కొండల మధ్య హాయిగా సైకిలు తొక్కడానికి కావలసిన రోడ్లు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎప్పుడో వేసేశారు. అవి ఎక్కడున్నాయో చెప్పే నాథుడే లేడు. అది రాద్దామని కూర్చుంటే ఉత్తరం పెద్దదయింది. కత్తిరిస్తే కత్తిరించండి గానీ, కిలోమీటరు రాళ్ల రంగుల సంగతి మాత్రం ఉంచండి.

ముందు ఘాట్ రోడ్డు మాట. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి, అనంతగిరి కాఫీ తోటల మీదుగా గాలికొండ వైపు ఎక్కే ఆ దారి చాలా అందమైనది, కాదనను. ఆదివారం పూట ఆ దారిలో ఎవరు పోతున్నారో ఒకసారి నిలబడి చూడండి. బొర్రా గుహలకూ అరకు లోయకూ పోయే కార్లు, టూరిస్టు బస్సులు, వ్యాన్లు, ముగ్గురేసి ఎక్కిన మోటారు సైకిళ్లు. పైగా అది రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వచ్చే 516ఇ జాతీయ రహదారి. మలుపు దగ్గర హారన్ కొట్టుకుంటూ వచ్చే బస్సుకీ, లోయ పక్క పిట్టగోడకీ మధ్య సైకిలువాడికి మిగిలే చోటెంత? ఎక్కుడులో సైకిలు నడక కంటే కాస్త నయంగా పోతుంది, అంతే. వెనక బండ్లు బారులు తీరతాయి. వాళ్లకి చిరాకు, వీడికి టెన్షన్. ఆ పక్కనే ఇంకో ట్రాక్ వేయాలంటే కొండ తొలచాలి, చెట్లు కొట్టాలి. వానాకాలంలో కొండ చరియలు విరిగి పడడం మనం చూస్తున్నదే, ఇంకా తొలిస్తే ఇంకా పడతాయి.

సాలూరు నుంచి ఒడిశా వైపు ఎక్కే 26వ నంబరు రహదారి ఇంతకన్నా కష్టం. సాలూరంటేనే లారీల ఊరు. రాయపూర్ వైపు పోయే సరుకంతా అటే ఎక్కుతుంది. లోడు లారీ వదిలే పొగ పీల్చుకుంటూ దాని వెనకాల తొక్కడం ఆరోగ్యానికి మంచిదా? ఆ బళ్లను తప్పించడానికి 464 కిలోమీటర్ల రాయపూర్–విశాఖ ఆరు వరుసల రహదారి మన మెంటాడ మండలం జక్కువ మీదుగానే గీశారు. లారీలన్నీ దాని మీదికి మళ్లి పాత ఘాట్ ఖాళీ అయిన రోజున సైకిళ్ల సంగతి ఆలోచిద్దాం.

మరి ఎటు పోవాలి? రోడ్డు పక్కన కిలోమీటరు రాయి తల చూడండి. తల మీద పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. నలుపో నీలమో తెలుపో ఉంటే జిల్లా రోడ్డు. నారింజ రంగు ఉంటే పల్లె రోడ్డు. విశాఖ నుంచి ఖరీదైన సైకిళ్ల మీద వచ్చి మా షాపు దగ్గర ఆగే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇదే: పసుపు రాయి వదిలేయండి, ఆకుపచ్చ రాయి తప్పనిసరైతేనే, నారింజ రాయి కనిపిస్తే ఆ రోడ్డులోకి మళ్లిపోండి. ఫోనులో మ్యాప్ చూసుకునేవాళ్లకు ఇది మొదట నవ్వులాటగా ఉంటుంది. మ్యాప్ చిన్న రోడ్లన్నిటినీ దాదాపు ఒకే రకం గీతలా చూపిస్తుంది, ఏ గీత మీద టిప్పర్లు తిరుగుతాయో దానికి తెలీదు. రాయికి తెలుసు.

ఈ నారింజ రాళ్ల రోడ్లలో ఎక్కువ భాగం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పడినవి. 2000 డిసెంబరు 25న మొదలైన పథకం అది. మైదానంలో 500 మంది జనాభా ఉన్న ఊరికీ, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో అయితే 250 మంది ఉన్న ఊరికీ పక్కా రోడ్డు పడాలన్నది అందులో లెక్క. మన వైపు ఊళ్లు కొండ పాదాన చెదురుమదురుగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క సైకిలువాడికి బాగా కలిసొచ్చింది. రోడ్డు మెయిన్ రోడ్డు నుంచి విడిపోయి, చేల మధ్య నుంచి పోయి, కొండ కింద ఆఖరి ఊరు దగ్గర ఆగిపోతుంది. అవతల కొండే, వేరే ఊరు లేదు. అటు నుంచి ఇటు దాటిపోయే బండి ఉండదు. ఆ ఊరివాళ్ల బళ్లు, పాల క్యాన్ల సైకిలు, బడి పిల్లలు, ఎప్పుడైనా ఒక ఆటో. ఆ రోడ్డు ప్రశాంతంగా ఉండడానికి కారణం ఇదే తప్ప మరో మహత్తు లేదు.

"దారి అక్కడితో ఆగిపోతే మళ్లీ అదే దారిన రావాలిగా అన్నా, బోర్" అంటారు కుర్రాళ్లు. బోరేమిటి! పోయేటప్పుడు కొండ ఎదురుగా ఉంటుంది, ఎక్కుడు. వచ్చేటప్పుడు కొండ వెనక ఉంటుంది, ఎదురుగా మైదానమంతా పరుచుకుని ఉంటుంది, దిగుడు. పోయేటప్పుడు కనపడని చెరువులు వచ్చేటప్పుడు కనపడతాయి. ఒక రోడ్డు డబ్బుకి రెండు రోడ్లు.

కొండ అనగానే గేర్ల సైకిలు లేనివాళ్లు వెనక్కి తగ్గుతారు. వాళ్ల భయంలో కొంత నిజం ఉంది, లెక్క కట్టి చెప్తాను. మన మామూలు 28 అంగుళాల నల్ల సైకిలుకి ముందు చైన్ వీలు 44 పళ్లు, వెనక ఫ్రీవీలు 18 పళ్లు అనుకోండి. పెడలు ఒక చుట్టు తిప్పితే బండి అయిదు మీటర్ల పైన ముందుకు పోతుంది. కొండల కోసం చేసిన గేర్ల సైకిలులో అన్నిటికన్నా తేలిక గేరు వేస్తే, ముందు 34 వెనక 34, చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. అంటే అదే మిట్ట ఎక్కడానికి గేర్లవాడు రెండున్నర రెట్లు ఎక్కువ సార్లు తొక్కుతాడు, ఒక్కో తొక్కుకి పడే బరువు ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి ఘాట్ రోడ్డు మీద మామూలు సైకిలువాడు దిగి తోసుకోవలసిందే. కొండ వారన పోయే రోడ్ల మీద ఆ అవసరం చాలా అరుదు. కొండ రోడ్లకి ఇంజనీర్లు మామూలుగా పెట్టుకునే వాలు 20కి 1, అంటే నూరు మీటర్లు పోతే అయిదు మీటర్లు ఎత్తు. మైదానం, చిన్న మిట్టలున్న చోట 30కి 1. మా షాపులో సైకిలు బాగుచేయించుకునే పాలవాళ్లు, ఐస్‌ఫ్రూట్‌వాళ్లు, చేపలమ్మేవాళ్లు ఈ 30కి 1 మిట్టలు క్యారియర్ నిండా బరువుతో రోజూ ఎక్కుతున్నారు. వాళ్లకెవరూ మెడల్ వేయలేదు.

ఇప్పుడు దారులు. మా దారితోనే మొదలుపెడతాను, పక్షపాతమనుకున్నా సరే. గజపతినగరం నుంచి మెంటాడ, మెంటాడ నుంచి ఆండ్ర రిజర్వాయరు. మా ఊరి పక్కన వేసవిలో ఇసక తప్ప మరేం కనపడని చంపావతి నదికి అడ్డుకట్ట వేసి నీళ్లు పట్టి పెట్టిన చోటు అది. మెంటాడ దాకా బస్సులుంటాయి, ఆటోలుంటాయి. మెంటాడ దాటాక రోడ్డు సన్నబడుతుంది, కొండలు దగ్గరపడతాయి. ఎక్కుతున్నామని కంటికి తెలీదు, తొడలకి తెలుస్తుంది. మామిడి తోటలు, జీడి తోటలు, తాటి చెట్లు, గోగు చేలు. గోగు కోసి నీళ్లలో ఊరబెట్టే రోజుల్లో మాత్రం చెరువుల పక్కన ముక్కు మూసుకోవాలి. నెల్లిమర్ల జూట్ మిల్లులు చూసినవాళ్లకి నార తెలుసు, ఆ నార వెనక ఉన్న వాసన తెలీదు. చలికాలం పొద్దున్నే వెళ్తే రిజర్వాయరు మీద పొగమంచు లేవడానికి ఎనిమిదవుతుంది. అక్కడ హోటలు కోసం చూడకండి. మెంటాడలోనే ఇడ్లీ తిని, నీళ్లు నింపుకుని కదలాలి. ఆ పై ఊళ్లలో ఎవరింటి ముందు ఆగినా మంచినీళ్లిస్తారు, ఒక్కోసారి చోడి (రాగి) అంబలి కూడా ఇస్తారు. "ఏటి బాబూ, ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చేరా? బండి లేదేటి?" అని మాత్రం అడుగుతారు. దానికి జవాబు మీరే వెతుక్కోవాలి. లక్షన్నర రూపాయల సైకిలు ఎక్కి వచ్చి "బండి ఉంది గానీ సరదాకి" అంటే వాళ్లు చూసే చూపు నేను చూశాను.

విజయనగరం ఊళ్లోవాళ్లకి తాటిపూడి బాగుంటుంది. గంట్యాడ మీదుగా పోవాలి. గోస్తనీ నది మీద కట్టిన ఆ జలాశయం నీళ్లు విశాఖపట్నం తాగుతుంది, గాలి మాత్రం మనకే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు అయితే నెల్లిమర్ల మీదుగా రామతీర్థం చాలు. పెద్ద ఎక్కుడు ఏదీ లేకుండా బోధికొండ, గురుభక్తుల కొండ, దుర్గకొండల కిందికి చేరతారు. సైకిలు కింద పెట్టి కాలినడకన ఎక్కితే పాత బౌద్ధుల, జైనుల ఆనవాళ్లు చూడొచ్చు. ఎస్.కోటలో ఉన్నవాళ్లు ఘాట్ వైపు తిరక్కుండా పుణ్యగిరి వైపు తిరగండి. దూరం చిన్నది, చివర ఎక్కుడు గట్టిది, పైన శివాలయం. శివరాత్రికి వెళ్లొద్దు, నడవడానికే చోటుండదు.

మా అత్తవారిది మెళియాపుట్టి వైపు. అందుకని శ్రీకాకుళం జిల్లా కొండలు కూడా కొంత తెలుసు. టెక్కలి నుంచి మెళియాపుట్టి, అక్కడి నుంచి పాతపట్నం పోయే దారి చూస్తే ఇటువంటిది ఇంకోటి లేదనిపిస్తుంది. రెండు పక్కలా కొండలు, మధ్యలో పచ్చటి పల్లం, అక్కడక్కడ సవర గిరిజనుల గూడేలు. అయితే ఆ కొండల్లోనే "టెక్కలి బ్లూ" అని విదేశాల దాకా పేరున్న నీలం గ్రానైటు రాయి ఉంది. బండరాయి దిమ్మలు వేసుకుని లారీ వస్తుంటే సైకిలువాడు రోడ్డు దిగిపోవాలి, వేరే దారి లేదు. రాయి తీయొద్దని నేననను, దాని మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా బడికీ పనులకీ పోయే జనం రోడ్డు మీద ఉండే వేళ ఆ దిమ్మల లారీలు ఆగితే ఎవరి కొంపా మునగదు.

పలాస నుంచి మందస వైపు ఇంకో అందం. ఉద్దానం జీడి తోటలు, కొబ్బరి తోటలు ఒక పక్క, మహేంద్రగిరి ఒక పక్క. 1,501 మీటర్ల కొండ, శిఖరం ఒడిశాలో ఉంది, చూపు మాత్రం మనదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను ఎలా నేలకూల్చిందో చూసినవాళ్లకి, ఇప్పుడు అక్కడ లేచిన మొక్కల నీడలో తొక్కుతుంటే మనసు ఇంకోలా ఉంటుంది. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తిని వెనక్కి రావాలి. కోవా తిన్నాక వెనక్కి తొక్కడానికి భయం లేదు.

శ్రీకాకుళం పక్క అలికాం నుంచి సరుబుజ్జిలి, హిరమండలం, కొత్తూరు, భామిని మీదుగా బత్తిలి పోయే రోడ్డు వంశధార పక్కపక్కనే నడుస్తుంది. పొడుగు దారి, ఒక్క రోజులో పోయి రావాలని పంతం పట్టొద్దు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాకా పోయినా చాలు. కొత్తూరు నుంచి సీతంపేట మీదుగా పాలకొండ దిగితే చిన్న ఘాట్ వస్తుంది. అరకు ఘాట్ చూసి జడిసినవాళ్లకి ఇది సరైన పాఠం, ఎక్కుడు ఉంటుంది గానీ ప్రాణం తీయదు. అనాస పళ్ల కాలంలో పోతే రోడ్డు పక్కనే కుప్పలు పోసి అమ్ముతుంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట, పాలకొండ, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయాయి. ఈ రోడ్ల మీద బోర్డులు కావాలని (ఆ సంగతి కింద చెప్తాను) ఏ కలెక్టరుకి రాయాలో తెలియని చిక్కు అందుకే వచ్చింది. సైకిలుకి ఆ సరిహద్దు ఎక్కడ దాటామో కూడా తెలీదు.

ఆ వైపు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు ఏళ్ల తరబడి మన్యం మండలాల్లో తిరుగుతున్నాయి. మనుషులు చనిపోయారు, పంటలు పోయాయి. ఫలానా ఊరి దగ్గర మంద ఉందని అటవీ శాఖవాళ్లు చెప్పిన రోజున అటు పోకూడదు. తెల్లారకముందు, పొద్దుగూకాక అసలే పోకూడదు. సైకిలు చప్పుడు చేయదు, అదే దాని గొప్ప, అదే ఇక్కడ దాని ప్రమాదం. మలుపు తిరిగేదాకా మనం వస్తున్నట్టు ఏనుక్కి తెలీదు, అది ఉన్నట్టు మనకీ తెలీదు.

ఇక అడగవలసింది అడుగుతాను. కొత్త రోడ్లు అడగను. కొండ మీద ఇంకా డోలీ కట్టి గర్భిణుల్ని మోసుకొచ్చే ఊళ్లు ఉండగా సైకిలు షికారుకి రోడ్డు వేయమనడానికి నాకు నోరు రాదు. రోడ్డు వేసే డబ్బు ఏమైనా ఉంటే ముందు అంబులెన్సు ఎక్కే దారికి పెట్టండి. ఆ రోడ్డు పడ్డాక దాని మీద సైకిలు దానంతటదే పోతుంది.

నాకు కావలసింది పెయింటు. ఫ్రాన్సు దేశంలో ఆల్ప్స్, పిరెనీస్ కొండల మీద సైకిళ్లు ఎక్కువగా ఎక్కే కనుమదారుల్లో ప్రతి కిలోమీటరుకీ చిన్న రాయో బోర్డో ఉంటుందని మా షాపుకి వచ్చే ఒక ఇంజనీరు కుర్రాడు ఫోనులో చూపించాడు. మీరున్న చోటు ఎత్తు ఎంత, పైదాకా ఇంకా ఎంత దూరం, రాబోయే కిలోమీటరు వాలు ఎంత శాతం, అంతే దాని మీద రాసి ఉంటుంది. కొన్ని కనుమల్లో వేసవిలో కొన్ని పూటలు మోటారు బళ్లను ఆపి, దారిని సైకిళ్లకే వదులుతారట. ఆ రెండోది మనకి అక్కర్లేదు, మన రోడ్డు మీద పాల ఆటో ఆగకూడదు. మొదటిది రేపే చేయొచ్చు. నారింజ రాళ్లు ఇప్పటికే ఉన్నాయి. ఊరి పేరు, దూరం ఇప్పటికే రాసి ఉన్నాయి. కింద ఇంకో రెండు ముక్కలు చేరిస్తే చాలు: ముందు ఎక్కుడు ఎంత, తాగే నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయి. వాలు కొలవడానికి ఎవరూ మళ్లీ రానక్కర్లేదు, రోడ్డు వేసినప్పటి ప్లానులో ఆ లెక్క ఉంటుంది. రోడ్డు మొదట్లో పొడవు, ఖర్చు రాసి పెట్టే పెద్ద బోర్డు ఉంటుందే, దాని పక్కన ఆ దారి బొమ్మ ఒకటి గీస్తే ఇంకా మంచిది. ఈ బోర్డులు షికారు సైకిళ్లకే అనుకోకండి. సైకిళ్ల మీద హైస్కూలుకి పోయే ఆడపిల్లలు, కొత్తగా ఆ మండలానికి బదిలీ మీద వచ్చిన ఏఎన్ఎం నర్సమ్మలు, మందులు మోసే ఆశా కార్యకర్తలు, అందరూ ఆ రోడ్ల మీదే తిరుగుతారు.

పెయింటు తర్వాత మట్టి. పల్లె రోడ్డు తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. ట్రాక్టరు వస్తే సైకిలు పక్కకి తప్పుకోవాలి, తప్పుకోవడానికి తారు అంచుకి సమానంగా మట్టి ఉండాలి. వానలకి ఆ మట్టి కొట్టుకుపోతే అంచు దగ్గర జానెడు లోతు పడుతుంది. ముందు చక్రం అందులో దిగితే మనిషి పడతాడు, రిమ్ము వంకర పోతుంది. వానాకాలం వెళ్లాక నా షాపుకి వచ్చే వంకర రిమ్ముల్లో చాలా వాటి కథ ఇదే. స్పోకులు బిగించి తీయడం నాకు ఆదాయమే, అయినా చెప్తున్నాను. గ్రామ సడక్ రోడ్లకి అయిదేళ్ల నిర్వహణ కూడా కాంట్రాక్టులోనే ఉంటుంది. అంచు మట్టి కూడా ఆ నిర్వహణలోదే. ఊరివాళ్లు బోర్డు మీద తారీఖు చూసి, అయిదేళ్లు దాటకపోతే అడగండి. ఇంకో మాట, స్పీడు బ్రేకర్లకి తెల్లగీతలు వేయండి. సాయంత్రం వెలుగులో గీతలు లేని స్పీడు బ్రేకరు సైకిలువాడికి గొయ్యితో సమానం.

రైలు సంగతి కూడా ఒకటుంది. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ పోయే లైను ఒకప్పటి సన్న పట్టాల చిన్న రైలుది, 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపూర్ దాకా వేశారు. 2004లో ఆపి, పెద్ద లైను చేసి 2011లో మళ్లీ నడిపారు. విశాఖ నుంచి విజయనగరం మీదుగా గుణుపూర్‌కి ప్యాసింజరు పోతుంది. సైకిలు రైల్లో వేసుకుని పాతపట్నంలో దిగి, మెళియాపుట్టి మీదుగా టెక్కలి తొక్కుకొచ్చి, మళ్లీ రైలెక్కితే అంతకన్నా ఆదివారం ఏముంటుంది? సైకిలును లగేజీగా బుక్ చేసే పద్ధతి రైల్వేలో ఎప్పటి నుంచో ఉంది. చిన్న స్టేషన్లలో ఆ బుకింగు జరగదు, అదీ చిక్కు. ప్యాసింజరు రైళ్లకైనా టికెట్ కౌంటరులోనే సైకిలు టికెట్ ఇచ్చే ఏర్పాటు చేయమని రైల్వే అధికారుల్ని కోరుతున్నాను.

మన పక్క నుంచి కూడా కొన్ని ఉండాలి. కల్లాలు లేనివాళ్లు రోడ్డు మీద చోళ్లు, నువ్వులు, వడ్లు ఆరబోస్తారు. దాని మీద నుంచి తొక్కుకుపోయి, పక్కనున్న ముసలమ్మ తిట్టిందని వీడియో పెట్టిన ప్రబుద్ధులున్నారు. అది ఆమె ఏడాది తిండి. దిగి, పక్క నుంచి నడిపించుకుపోవాలి. గుంపుగా వచ్చినప్పుడు ఊళ్లో నలుగురు వరసగా అడ్డంగా పోవద్దు. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి, దిగి సైకిలును అడ్డం పెట్టుకుని నిలబడితే అవే పోతాయి. కార్తికం నుంచి మాఘం దాకా మంచి కాలం. చైత్రం దాటాక పది గంటల లోపు ఇంట్లో ఉండాలి, మన కొండలు పొద్దెక్కాక పెనంలా కాలతాయి.

దిగుడు గురించి చెప్పకపోతే మెకానిక్‌గా నా పని చేసినట్టు కాదు. ఎక్కేటప్పుడు కాళ్లు ఎంత ఎత్తుకి మోశాయో, దిగేటప్పుడు అదంతా బ్రేకుల్లో వేడిగా దిగుతుంది. కొండ మొదటి నుంచి చివరి దాకా బ్రేకు నొక్కి పట్టుకుంటే రిమ్ము కాలి, ట్యూబు పేలుతుంది. పట్టి వదలాలి, ముందు వెనక రెండూ వాడాలి. రాడ్ బ్రేకు, స్టీలు రిమ్ము ఉన్న పాత సైకిళ్లకి వానలో బ్రేకు సగం కూడా పట్టదు, కాబట్టి తడి రోజున కొండ దిగుడు వాటికి వద్దు. అరిగిన బ్రేకు రబ్బర్లతో సీతంపేట ఘాట్ దిగుతానని వచ్చేవాళ్లని నేను పంపను. కొత్తవి వేయించుకుని వెళ్లండి, మహా అయితే ఒక టిఫిను ఖర్చు.

చివరిగా, ఆదివారాలు ఇటు వచ్చేవాళ్లకి. మా దగ్గరా, దారిలో మెంటాడ, మెళియాపుట్టి లాంటి ఊళ్లలోని షాపుల్లోనూ 28, 26, 24 అంగుళాల ట్యూబులు దొరుకుతాయి. మీ సన్న టైర్ల 700 సైజు ట్యూబు దొరకదు, రెండు వెంట తెచ్చుకోండి. గాలి కొట్టే మీ సన్నటి ప్రెస్టా వాల్వుకి మా పంపు పట్టదు, దానికి ఇత్తడి అడాప్టరు ఒకటి వస్తుంది, అది కూడా జేబులో వేసుకోండి. అడాప్టరు తెస్తే గాలి నేనే కొడతాను, డబ్బులు తీసుకోను. సోమవారం షాపు సెలవు.

ఇట్లు
ఒక సైకిలు మెకానిక్,
గజపతినగరం, విజయనగరం జిల్లా.